పాత ఇంట్లోకి షిఫ్ట్ అవుతున్నారా? సోఫా కొనే ముందు ఈ పనులు చూసుకోండి

ఈరోజు ఫోన్ రివ్యూ లేదు, యాప్ లేదు. ఇంటి గురించి మాట్లాడుకుందాం. మాది నస్పూర్. మా బాపు సింగరేణిలో చేసిండు. అక్కడ రిటైర్మెంట్ వయసు 61. ఆ రోజు వచ్చిందంటే దండలు, శాలువాలు అయిపోయినంక మిగిలే ప్రశ్న ఒక్కటే: క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి పోవాలె? శ్రీరాంపూర్, సీసీసీ, నస్పూర్ కాలనీ దిక్కు ఉన్నోళ్ళకు ఈ ముచ్చట నేను చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్ల నడిచేదే.

మాకు తాత కట్టిన పాత ఇల్లు ఉంది. ముందు రెండు అర్రలు పెంకులవి, టేకు దూలాలు, మట్టితో పేర్చిన ఇటుక గోడలు. వెనక రెండు గదులు తర్వాత వేసిన స్లాబు. చాలా ఏండ్లు తాళం పడి ఉంది. మార్చిలో బాపు రిటైర్ అయ్యిండు, దసరాకు ఇంట్లకు పోయినం. మధ్యలో మేం చేసిన తప్పులు మీరు చేయొద్దని ఈ ఎపిసోడ్.

మేం ఎక్కడ తప్పు చేసినం

ఏప్రిల్‌లో మొదలుపెట్టగానే అందరం కళ్ళకు కనబడే పని మీద పడ్డం. అమ్మకు మాడ్యులర్ కిచెన్, తమ్మునికి ఫాల్స్ సీలింగ్, నాకు వీడియోలు తీసుకునే గది. ముందు హాలుకు సిమెంట్ ప్లాస్టరింగ్, లప్పం, రంగు అన్నీ అయిపోయినయ్. ఫొటోలల్ల మస్తు కనిపించింది. జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డది. వారంలో గోడ కింది భాగం ఉబ్బింది, రంగు పొక్కులు పొక్కులుగా లేచింది, లోపల నుంచి తెల్లటి ఉప్పు బయటికొచ్చింది. నానమ్మ చూసి ఒక్కటే మాట అన్నది: "గోడ తడి ఆరకముందే రంగేస్తే, రంగు ఆరుతదా బిడ్డా?"

నేను సాఫ్ట్‌వేర్‌ల పని చేసినోణ్ణి. సర్వర్ కాలిపోతుంటే బటన్ కలర్ మార్చినట్టు అనిపించింది. పైసలు పోయినయ్. బాపు పీఎఫ్ పైసలు అవి. అప్పుడు పని ఆపి, ఒక లిస్ట్ రాసుకున్నం: నీళ్ళు, గోడ, కరెంటు, రంగు, సామాను. ఇదే వరుస. ముందుది అయ్యేదాకా తర్వాతది ముట్టుకోవద్దు.

ఒకటి: తడి ఎక్కడ నుంచి వస్తుంది?

దీపం వత్తి నూనెను పైకి ఎట్ల గుంజుతదో, ఇటుక గోడ కూడా నేలలోని నీళ్ళను అట్లనే గుంజుతది. కొత్త ఇండ్లల్ల పునాది మీద తడి పైకి రాకుండా ఒక అడ్డు పొర వేస్తరు. పాత ఇండ్లల్ల చాలావాటికి అది ఉండదు. పాతోళ్ళు సున్నం పూత వేసింది అందుకే. సున్నం గాలి ఆడనిస్తది, ఎక్కిన తడి మెల్లగ బయటికి ఆరిపోతది. మనం దాని మీద సిమెంట్ గట్టిగ కొట్టేసరికి తడికి తొవ్వ మూసుకుపోయింది. అది ఇంకా పైకి ఎక్కి, ప్లాస్టర్‌నే తోసేసింది.

ఇంకో కారణం రోడ్డు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారి వీధి ఎత్తు పెరిగింది, మా గడప కిందికి పోయింది. చూరు నుంచి పడే వాన నీళ్ళు గోడ మొదట్లనే నిలబడుతున్నయ్.

మీ గోడను చెక్ చేసే సింపుల్ పద్ధతి: ఒక అడుగు ప్లాస్టిక్ కవర్‌ను గోడకు నాలుగు దిక్కులా టేప్‌తో అతికించి రెండు రోజులు ఉంచండి. కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి చుక్కలు ఉంటే తడి గోడలోనే ఉంది. బయటి వైపు ఉంటే గదిలో గాలి ఆడట్లేదు.

మేం ఏం చేసినమంటే, ముందు పగిలిన పెంకులు మార్పించినం. గోడ చుట్టూ పేరుకున్న మట్టి తీసి, నీళ్ళు బయటికి జారేటట్టు వాలు చేసినం. మూడడుగుల ఎత్తు వరకు సిమెంట్ కొట్టేసి, గోడను రెండు నెలలు ఆరనిచ్చినం. తర్వాత ఒక భాగం సున్నం, మూడు భాగాల ఇసుకతో పూత. ఇది వచ్చిన సుతారి దొరకడానికి కొంచెం తిరగాల్సి వచ్చింది. అయితే గోడ ఇప్పుడు పొడిగా ఉంది.

రెండు: పగుళ్ళు, స్లాబు, దూలాలు

మా దిక్కు ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు కిటికీలు గలగలమంటయ్. అందుకని ప్రతి పగులుకూ అదే కారణం అనుకోవద్దు. వెంట్రుక అంత సన్నంగా, ప్లాస్టర్ మీదనే ఉన్న పగుళ్ళు మామూలువి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయి, రూపాయి బిళ్ళ దూరేంత వెడల్పు ఉంటే పునాది కదిలిందేమో చూడాలె. నల్లరేగడి నేల ఉన్న చోట ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ మట్టి వానకు ఉబ్బుతది, ఎండకు కుంచించుకుపోతది. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి తేదీ రాయండి. కొన్ని నెలల్ల గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవాల్సిందే.

స్లాబు కింద పెచ్చులు ఊడి సలాకలు కనబడుతున్నయా? తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతది, కాంక్రీట్‌ను పగలగొడతది. తుప్పు తీయకుండా పైన సిమెంట్ పూస్తే మళ్ళీ ఊడిపోతది. దాని కిందనే ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇంకా ప్రమాదం, లోపల ఏం జరుగుతుందో కనబడదు. మా తమ్ముడు ఈ ఒక్క మాటకే ఒప్పుకున్నడు.

దూలాలకు స్క్రూడ్రైవర్ టెస్ట్. గోడలోకి పోయే చివర్ల దగ్గర గట్టిగ గుచ్చి చూడండి. టేకు గట్టిదే, అయినా తడి తగిలే చివర్లు మెత్తబడొచ్చు, చెదలు పట్టొచ్చు. మావి ఆరింట్ల ఒకటే పోయింది. దాన్ని మార్చి, బాగున్న ముక్కతో గూడు పలకలు చేయించినం.

మూడు: కరెంటు

ఇది అన్నిటికంటే సీరియస్. జూన్‌లోనే ఫ్రిజ్ తెచ్చి పెట్టినం. నానమ్మ తడి చేతితో డోర్ పట్టుకుంది, చేయి జిల్లుమంది. ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి ఎవరం సరిగ్గా పడుకోలేదు. చూస్తే మూడు పిన్నుల సాకెట్ ఉంది, లోపల ఎర్త్ వైరే లేదు.

చాలామంది "ఎంసీబీ ఉంది కదా" అంటరు. ఎంసీబీ కాపాడేది వైరును. లోడ్ ఎక్కువైతే, షార్ట్ అయితే పడిపోతది. మనిషికి షాక్ కొట్టేటప్పుడు పోయే కరెంటు దానికి చాలా తక్కువ, అది కదలదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నయా అని అది చూస్తది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే కట్ చేస్తది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటది, అప్పుడప్పుడు నొక్కి చూడండి. దాంతోపాటు సరైన ఎర్తింగ్ గుంత కావాలె. రెండూ ఉండాలె, ఒకటి ఉంటే చాలు అనుకోవద్దు.

వైరు సైజు: లైట్లు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్లు అని మామూలు లెక్క. 2000 వాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతది. తాత కాలంలో నాలుగు బల్బులకు వేసిన వైరు దాన్ని మోయదు. వైరింగ్ అంతా ప్లాస్టరింగ్‌కు ముందే అయిపోవాలె. పైపులు మూసే ముందు ప్రతి గోడను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు అదే పనికొస్తది.

నాలుగు: గీకే ముందు ఆగండి

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటొద్దనే రూల్ మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు దర్వాజలకు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఎక్కువ ఉండొచ్చు. దాన్ని పొడిగా సాండ్‌పేపర్‌తో గీకితే దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతది. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, ఆ రోజు పిల్లలను దూరం ఉంచండి.

పెరట్లో పాత సిమెంట్ రేకులు ఉంటే వాటిల్ల ఆస్‌బెస్టాస్ ఉంటదనుకోండి. సుత్తెతో పగలగొట్టొద్దు, మిషన్‌తో కోయొద్దు. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించండి. ఆ దారాలు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రావు.

ఐదు: ఇప్పుడు సామాను

కొత్త సిమెంట్ ప్లాస్టర్ వేసిన చోట నాలుగు వారాలు ఆరినంకనే లప్పం, రంగు. ఆ టైంలో కొలతలు తీసుకోండి. పాత ఇంటి దర్వాజ చిన్నగా, పొట్టిగా ఉంటది. మంచం గదిలో పడుతదా అని అందరు చూస్తరు, దర్వాజలో నుంచి పోతదా అని చూడరు. విప్పి బిగించే మంచం బెస్ట్. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి, వెనక గాలి ఆడాలె. టేకు కొంటే లైసెన్స్ ఉన్న సామిల్ దగ్గరే, బిల్లుతో. కిచెన్ గట్టు ఎత్తు క్యాటలాగ్ చూసి కాదు, వంట చేసే మనిషిని నిలబెట్టి కొలవండి. అమ్మకు మాడ్యులర్ కిచెన్ రాలేదు, కడప బండతో గట్టు, కింద అరలు వచ్చినయ్. గట్టు ఆమె ఎత్తుకు సరిపోయింది, ఇప్పుడు నడుము నొప్పి అనట్లేదు.

చివరిగా కాగితాలు

ఇది నిజానికి మొదటి రోజు చేయాల్సింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? నస్పూర్ పంచాయతీగా ఉండె, 2018లో మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. పాత రసీదు మీద ఇంటి నంబర్ ఒకటి, ఇప్పటి నంబర్ ఇంకొకటి ఉండొచ్చు. ఇంటి పన్ను, కరెంటు మీటర్ ఇంకా తాత పేరు మీదనే ఉంటే మార్పించుకోండి. సింగరేణి స్థలంలో కట్టుకున్న ఇల్లైతే జీవో 76 కింద పట్టా ఉందా లేదా చూడకుండా లక్షలు పెట్టొద్దు. ఏసీ, గీజర్ పెడుతుంటే మీటర్ లోడ్ కూడా పెంచమని అడగండి.

దసరా నాడు జమ్మి పెట్టి వచ్చినంక అందరం ఆ ముందు అర్రలనే కూర్చున్నం. సోఫా లేదు, చాపలే. బయట వాన పడుతుంది. బాపు లేచి గోడ కింద చేయి పెట్టి చూసి, ఏం అనకుండా వచ్చి కూర్చున్నడు. గోడ పొడిగా ఉంది.

మీ ఇంట్ల కూడా ఇట్ల పని నడుస్తుంటే, ఈ లిస్ట్‌ను అమ్మకో నాన్నకో పంపండి. ఇంకేం లేకున్నా ఆర్‌సీసీబీ ఉందా లేదా ఈరోజే మీటర్ బోర్డు దగ్గరికి పోయి చూడండి.