మొలక నిలువని వనము

ముఖచిత్రమునకు ఎండి మోడైన మహావృక్షమొకటి కావలెనని సంపాదకులు కోరిరి. గడువు ముంచుకొనివచ్చుచుండ, ఆస్ట్రేలియా తూర్పుతీరపు అరణ్యవ్యాధిని గూర్చిన పత్రములను తిరుగవేయగా, నా మనస్సును పట్టి నిలిపినది కూలిన చెట్టు కాదు, దాని వేరునుండి మరల లేచి, ఆకు ముదురకమునుపే పసుపుపచ్చని పొడి క్రమ్మి మాడిపోయిన పిలక.

ఆ పొడి మిర్టిల్ తుప్పుతెగులును కలిగించు శిలీంధ్రపు రేణురాశి. 1884లో బ్రెజిల్ జామచెట్లపై వర్ణింపబడి, అచ్చటి యూకలిప్టస్ తోటలకు ప్రాకి, 2005లో హవాయిని, 2010 ఏప్రిల్‌లో న్యూసౌత్‌వేల్సును చేరి, స్వల్పకాలములోనే తూర్పుతీరమెల్ల వ్యాపించినది. చరిత్ర యింతమాత్రము చాలును.

జామ చేరిన మిర్టేసీ కుటుంబపు చెట్లయందు ముదిరిన యాకును విడిచి, చిగురును, లేతకొమ్మను, మొగ్గను, పిందెను ఆశ్రయించుట దీని స్వభావము. అందుచేత ఎదిగిన చెట్టు కొన్నియేండ్లు నిలిచియుండవచ్చును గాని, ఆకు రాలిన చోట క్రొత్త యాకు నిలువదు, పూత కాయ కాదు, ఎన్నడో రాలిన విత్తు మొలచినను, ఆ మొలక సర్వాంగములయందును లేతదే కనుక, దానికి తలదాచుకొను ముదురుభాగమే లేదు.

వృక్షరోగ శాస్త్రజ్ఞుడైన ఆంగస్ కార్నెగీయు సహచరులును 2016లో ప్రకటించిన పత్రమును నేను పలుమారులు చదివితిని. రోడోమిర్టస్ సిడియాయిడిస్ అను చెట్టును అచ్చటివారు దేశవాళీ జామ యందురు. వారు పరిశీలించిన తావులలో ఈ చెట్లు సగమునకు పైగా చచ్చియుండెను. వేళ్లనుండి పిలకలు వేయు శక్తి ఈ చెట్టునకు గలదు. పూర్వము దానిని కాపాడిన ఆ శక్తియే యిప్పుడు శత్రువునకు ఆహారము నందించుచున్నది: వేరులో నిలువ యున్నంతవరకు పిలక పుట్టును, పుట్టిన పిలక మాడును, నిలువ తరిగినపిమ్మట వేరును చచ్చును. అనావృష్టియే కారణము కారాదా యని సందేహించితిని. సమాధానము ఆ పత్రమునందే యున్నది. రోడామ్నియా రూబెసెన్స్ అను మరియొక చెట్టు విషయమున, ఒకే యడవిలో కొన్నిటికి శిలీంధ్రనాశకమును చల్లి, కొన్నిటిని విడిచి చూచిరి. నేలయు వానయు ఒక్కటియే యైనను, మందు పడిన చెట్లు ఆకు నిలుపుకొనెను, పడనివి కోలుపోయెను.

క్వీన్స్‌లాండ్‌లోని టాలీబజెరా లోయయందు యూకలిప్టస్ మహావృక్షములు పైకి పచ్చగానే యున్నవి. వాని నీడను పెరుగు మిర్టేసీ కుటుంబపు చిన్నచెట్లు చచ్చి, ఆ ఖాళీలలో ఇతర కుటుంబముల మొలకలును, మన కొండలకును సుపరిచితమైన లాంటానా వంటి కలుపును లేచుచున్నవి. అరణ్యక్షేమమును ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములచే నిర్ణయించు పద్ధతిపై నాకు విశ్వాసము లేదు; నేలపై జానెడు మొలకలలో ఏ జాతివి ఎన్ని యున్నవో వంగి లెక్కింపనివానికి ఈ వినాశము కనబడదు. ఈ తెగులుచే ఒక్క తరములో అంతరింపగలవని వృక్షశాస్త్రజ్ఞుడు ఫెన్‌షామ్ ప్రభృతులు 2020లో ఎన్నిన జాతులు 16.

కుటుంబవృత్తాంతము

జామ, నేరేడు, లవంగము, మన రాష్ట్రములలో కాగితపు గుజ్జుకొరకు పెంచు జామాయిల్, ఇవన్నియు మిర్టేసీ కుటుంబమువే. హవాయిలో గులాబిజామ తోపులు ఈ తెగులుచే విరివిగా నశించినవి. 2019–20 కార్చిచ్చుల అనంతరము ఆస్ట్రేలియాలో కాలిన మ్రాకులు వేసిన చిగుళ్లకును తుప్పు సోకినది. తెగులు సోకిన చెట్లకు కాయ దొరకుటయే అరుదైనందున విత్తనములను నిలువచేయుట కష్టము. బ్రతికియున్న దేశవాళీ జామలనుండి కొమ్మముక్కలు తెచ్చి, వృక్షోద్యానములలో మందు చల్లి పెంచుచున్నారు.