గ్యారేజీలో మూడు పడవలు

మా కారు ఎండకూ మంచుకూ బయటే ఉంటుంది. గ్యారేజీ మాత్రం మూడు చిన్న పడవలది. ఉప్పాడ తీరాన పుట్టి పెరిగినా, తెరచాప తాడు చేత పట్టింది నలభై రెండేళ్ల వయసులో, అమెరికాలో. మా ఊళ్లో మగవాళ్లు వేటకు వెళ్తుంటే ఆడవాళ్లం ఒడ్డున నిలబడి చూసేవాళ్లం. బోస్టన్‌లో చార్లెస్ నది మీద కమ్యూనిటీ బోటింగ్ అని 1946లో ఏర్పడిన సంస్థ ఉంది. సొంత పడవ లేనివాళ్లకు పడవలిచ్చి మరీ నేర్పుతుంది. నా చదువు అక్కడే మొదలైంది.

మొదటి పాఠం, గాలి ఎటునుంచి వస్తోందో చెంపలతో పసిగట్టడం. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. సుమారు 45 డిగ్రీలు పక్కకు తిరిగి, కాసేపు కుడికి, కాసేపు ఎడమకు మళ్లుతూ గాలి వచ్చే వైపుకు వెళ్లాలి. అడుగున నీళ్లలోకి నిలువుగా దిగే పలక పడవను పక్కకు జారిపోకుండా ఆపుతుంది. ఇక తాడు సంగతి. వదులుతూ పోతే చాప ముందంచు రెపరెపలాడుతుంది. ఆ రెపరెప ఆగేంతవరకే లాగాలి. ఇంకా లాగితే పడవ ఒరుగుతుంది గానీ వేగం పెరగదు. ఈ కాస్త తెలియడానికి నాకు ఒక వేసవి పట్టింది.

రెండో వేసవిలో పాత సన్‌ఫిష్ పడవ కొన్నాను. కనెటికట్‌లో 1952లో పుట్టిన రకం. దాదాపు 14 అడుగుల పొడవు, 59 కిలోల బరువు, ఒకే చాప. నేను కొన్నది ఇద్దరం పట్టినా లేవలేదు. లోపలి ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు పీల్చుకుని ఉంది. పైభాగంలో గుండ్రటి రంధ్రం కోసి, చలికాలమంతా చిన్న ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. వేసవికి తేలికపడింది. కోచిట్యువేట్ సరస్సులో కావాలనే బోల్తా కొట్టించి, అడుగు పలక మీద నిలబడి, అంచు పట్టి వెనక్కి వాలాను. చాప నీళ్లు కార్చుకుంటూ మెల్లగా లేచింది. భయం ఆరోజుతో పోయింది.

రెండోది మా అమ్మాయి ఆప్టిమిస్ట్. ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో పిల్లల కోసం గీసిన పడవ. ఎనిమిదడుగులు కూడా ఉండదు, బరువు 35 కిలోలు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ పిల్లలు నేర్చుకునేదీ ఇలాంటి దాంట్లోనే. పెద్ద పడవ మన పొరపాటును దాచిపెడుతుంది. చిన్నది వెంటనే చెప్పేస్తుంది. కాస్త వెనక్కి కూర్చుంటే చాలు, వెనక భాగం నీళ్లను ఈడుస్తుంది. ఆ చప్పుడు విని పిల్లలే సర్దుకుంటారు.

మూడోది మిర్రర్. 1960ల మొదట్లో బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక పేరుతో వచ్చింది. ఇద్దరు ఎక్కే పడవ, ఎర్ర చాపలు. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద గ్లాస్ టేపు, రెజిన్ వేసి ఇంట్లోనే కట్టుకునేలా జాక్ హోల్ట్, బారీ బక్నెల్ రూపొందించారు.

ఈ మూడూ ఒకే పని చేయవు. గాలికి నేనొక్కదాన్నే జవాబు చెప్పాలంటే సన్‌ఫిష్. పిల్లలకు ధైర్యం రావాలంటే ఆప్టిమిస్ట్. ఇద్దరం ఒకరి మాట ఒకరం వినాలంటే మిర్రర్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు క్లబ్బు పడవలో నేర్చుకోండి, లైఫ్ జాకెట్ విప్పకండి, బోల్తా పడి లేవడం వచ్చాకే సొంతది కొనండి. కొన్నా ఇద్దరు మోయగలిగినదే కొనండి.

మిర్రర్ ఇంటికొచ్చిన రోజు అమ్మకు వీడియో కాల్ చేశాను. అతుకు వెంట ఫోన్ జరుపుతూ తీగ కుట్లు చూపించాను.

"ఇది మన కుట్టు పడవే కదే," అంది.

నిజమే. నా చిన్నప్పుడు అలివి వల వేయడానికి మా ఒడ్డున దించే మసూలా పడవకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, అల కొట్టినా విరగకుండా కాస్త వంగి ఓర్చుకోవాలని.

"గాలి పడిపోతే ఎలా వస్తావే?" అని అడిగింది.

"తెడ్డు ఉందమ్మా."

"ఈసారి వచ్చినప్పుడు నన్నూ ఎక్కించు," అంది. డెబ్బై మూడేళ్లు ఒడ్డునే నిలబడిన మనిషి.