ఈ మూడింటిలో ఏ నాజిల్ పెడతారు?

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారనుకోండి. బల్లకు అవతల ఉన్న మేనేజర్ మీ మార్కుల షీటు పక్కన పెట్టి, మూడు చిన్న నాజిళ్లు మీ ముందుంచాడు. ‘‘మామిడి తోట గట్ల మీద సర్కారు తుమ్మ లేచింది. ఆ పక్కన మొక్కజొన్నలో వెడల్పాకు కలుపు ఉంది. దానికి ఆనుకునే పత్తి చేను. ఎక్కడ ఏది పెడతారు?’’ అని అడిగాడు.

అగ్రి డిప్లొమా, బీఎస్సీ అగ్రికల్చర్, అగ్రి ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామంది కలుపు మందుల పేర్లు గడగడా చెప్పేస్తారు. మందును మొక్క మీదికి చేర్చే ఆ చిన్న ముక్క దగ్గర తడబడతారు. పురుగుమందుల కంపెనీల ఫీల్డ్ ఉద్యోగాలకైనా, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకైనా, డ్రోన్ స్ప్రేయింగ్‌కైనా ఇదే అసలు పని. సొంతంగా స్ప్రేయింగ్ సర్వీసు పెడదామనుకుంటే మరీ ముఖ్యం. ఎందుకంటే అక్కడ తప్పు చేస్తే పోయేది మార్కులు కాదు, పక్క రైతు పంట.

ముందు ఈ మూడూ తెలుసుకోండి

హాలో కోన్ నాజిల్ నుంచి మందు బోలు శంఖంలా, సన్నటి తుంపరగా వస్తుంది. ఆకుల సందుల్లోకి వెళ్లాల్సిన పురుగు, తెగులు మందులకు ఇది బాగుంటుంది. కలుపు మందుకు పనికిరాదు. సన్నటి తుంపర గాలికి కొట్టుకుపోతుంది.

ఫ్లాట్ ఫ్యాన్ విసనకర్రలా పరుచుకుంటుంది. ఒకే వరుసలో నాలుగైదు పెట్టి బూమ్ కట్టినప్పుడు అంచులు ఒకదాని మీద ఒకటి పడి నేల అంతటా సమానంగా తడుస్తుంది. ఫ్లడ్ జెట్ తక్కువ ఒత్తిడితో పెద్ద చుక్కలను వెడల్పుగా చిమ్ముతుంది. కలుపు మందుకు ఈ రెండూ వాడతారు.

నాజిల్ మీద 11003 అని ఉంటే భయపడకండి. 110 అంటే విసనకర్ర కోణం. 03 అంటే పరిమాణం. రంగు చూసినా తెలుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 02 పసుపు, 03 నీలం, 04 ఎరుపు. 3 బార్ ఒత్తిడి దగ్గర ఇవి నిమిషానికి సుమారు 0.8, 1.2, 1.6 లీటర్లు వదులుతాయి.

ఇంకో చిక్కు ప్రశ్న. నీళ్లు రెట్టింపు రావాలంటే ఒత్తిడి ఎంత పెంచాలి? రెట్టింపు అంటే తప్పు. నాలుగు రెట్లు పెంచాలి. అలా పెంచితే చుక్కలు సన్నబడి గాలిలో కలుస్తాయి. అందుకే ఎక్కువ నీళ్లు కావాలంటే ఒత్తిడి పెంచరు, పెద్ద నాజిల్ పెడతారు.

బూమ్ లేకుండా స్ప్రే

మామిడి తోటల్లో, గట్ల మీద, కంచెల వెంట, ఎగుడుదిగుడు బీళ్లలో పొడవాటి బూమ్ తిప్పడం కష్టం. చెట్టుకు తగిలి విరుగుతుంది. అలాంటి చోట బూమ్‌లెస్ నాజిల్ వాడతారు. ట్రాక్టర్ వెనక మధ్యలో ఒకటో రెండో నాజిళ్లు ఉంటాయి. అవే పక్కలకు చాలా మీటర్ల దూరం చిమ్ముతాయి. విరగడానికి ఏమీ లేదు, ఇరుకు దారిలోనూ వెళ్తుంది. ఒక పక్క నాజిల్ కట్టేసి గట్టు వైపు మాత్రమే కొట్టొచ్చు.

మరి అన్ని చోట్లా ఇదే వాడొచ్చుగా? వాడకూడదు. చుక్క ఎంత దూరం ఎగిరితే గాలికి అంత దొరుకుతుంది. పైగా మధ్యలో ఒకలా, అంచుల్లో ఒకలా పడుతుంది. గాలి ఒక వైపు వీస్తే రెండో వైపు కలుపు బతికిపోతుంది. పంట మధ్యలో కచ్చితమైన మోతాదు కావాల్సిన చోట బూమే మేలు.

కొనేముందు ఒక లెక్క వెయ్యాలి. హెక్టారుకు కావాల్సిన లీటర్లను గంటకు కిలోమీటర్ల వేగంతో, స్ప్రే వెడల్పు మీటర్లతో గుణించి 600తో భాగించండి. నిమిషానికి ఎన్ని లీటర్లు రావాలో తేలుతుంది. హెక్టారుకు 300 లీటర్లు, వేగం 5 కిలోమీటర్లు, వెడల్పు 6 మీటర్లు అయితే 15 లీటర్లు. రెండు నాజిళ్లయితే ఒక్కోటి ఏడున్నర. ఇప్పుడు మీ పంపు ఆ 15 ఇచ్చి, ట్యాంకులో మందు కలియతిప్పడానికి ఇంకాస్త మిగల్చగలదా? లేకపోతే ఎంత ఖరీదైన నాజిల్ కొన్నా పూర్తి వెడల్పుకు చిమ్మదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

వేగాన్ని మీటరు చూసి నమ్మకండి. చేలో 100 మీటర్లు కొలిచి ట్రాక్టర్ నడపండి. 72 సెకన్లు పడితే గంటకు 5 కిలోమీటర్లు. వెడల్పు తెలియాలంటే నేల మీద అడ్డంగా సమాన దూరంలో గ్లాసులు పేర్చి, మంచినీళ్లతో స్ప్రే చేసి చూడండి. అంచుల్లో నీళ్లు సగానికి పడిపోయిన చోట పక్క సాలు స్ప్రే అంచు వచ్చి కలవాలి.

వీపు పంపుకూ లెక్క ఉంది

ట్రాక్టర్ లేదా? బ్యాటరీ పంపు, తైవాన్ పంపుతో మొదలుపెట్టినా లెక్క తప్పదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు నేల కొలవండి. అది ఎకరంలో దాదాపు 40వ వంతు. రోజూ నడిచే వేగంతోనే మంచినీళ్లు కొట్టి, ఎన్ని లీటర్లు అయ్యాయో 40తో గుణించండి. 2 లీటర్లు అయితే ఎకరానికి 80 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు ఐదు.

ఇప్పుడు లేబుల్ మీద ఎకరానికి లీటరు మందు అని ఉందనుకోండి. ట్యాంకుకు 200 మిల్లీలీటర్లు. ఈ కొలత చూడకుండా పది ట్యాంకులు పడతాయనుకుని 100 చొప్పున కలిపితే సగం మందే పడుతుంది. కలుపు చావదు, రైతు మళ్లీ పిలవడు. ఐదు పడతాయనుకుని పది కొడితే రెట్టింపు మోతాదు, పంట మాడుతుంది. ఎకరానికి ఎన్ని నీళ్లు వాడాలో లేబుల్ చెబితే దాన్ని బట్టే నాజిల్, నడక వేగం మార్చుకోవాలి.

నాజిల్ అరుగుతుంది కూడా. ఇత్తడివి త్వరగా, సిరామిక్‌వి నెమ్మదిగా. కొత్తదానికన్నా 10 శాతం ఎక్కువ నీళ్లు వదిలితే మార్చేయండి. అడ్డుపడితే పిన్నీసు పెట్టి పొడవకండి, నోటితో అసలే ఊదకండి. పాత టూత్‌బ్రష్, నీళ్లు చాలు.

పక్క చేను సంగతి

మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకు 2,4-డి వాడతారు. పత్తికి ఆ మందంటే పడదు. కాస్త గాలికి వచ్చి తగిలినా లేత ఆకులు సన్నగా, వేళ్లలా మెలితిరిగిపోతాయి. పంపు సరిగా కడగకుండా అదే ట్యాంకుతో పత్తికి పురుగుమందు కొట్టినా అదే గతి. అందుకే కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోమంటారు. గాలి జోరుగా ఉన్నా, పక్క చేను వైపు వీస్తున్నా ఆ రోజు పని ఆపేయాలి. పూర్తిగా స్తంభించిన తెల్లవారుజాము కూడా మంచిది కాదు, సన్నటి తుంపర అక్కడే తేలుతూ ఎటో జారుకుంటుంది. రైతు ‘కానీయ్ బాబూ’ అన్నా సరే, ‘రేపు పొద్దున వస్తా’ అని చెప్పగలగడం కూడా ఈ ఉద్యోగంలో నైపుణ్యమే.

ఎక్కడ నేర్చుకోవాలి?

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడగండి. అగ్రి గ్రాడ్యుయేట్లు సొంతంగా పెట్టాలనుకుంటే 2002లో మొదలైన అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం చూడండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల శిక్షణ ఇస్తారు. డ్రోన్ వైపు వెళ్లేవాళ్లకు డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే అర్హులే. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం లక్ష్యం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం. ఇంట్లో అమ్మో, అక్కో పొదుపు సంఘంలో ఉంటే ఆ సంగతి కనుక్కోండి.

ఒక హెచ్చరిక. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలంటూ 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సర్వీసు పెట్టేముందు ఏ మందుకు ఏ అనుమతి కావాలో మండల వ్యవసాయ అధికారిని కలిసి తెలుసుకోండి.

మేనేజర్‌కు జవాబు

ఇక ఆ మూడు నాజిళ్లు. గట్టు మీద పిలక తుమ్మకు ఫ్లడ్ జెట్, ట్రాక్టర్ వెళ్లే చోటుంటే బూమ్‌లెస్. అదీ మామిడి ఆకుకు తగలకుండా. మొక్కజొన్నలో తక్కువ ఒత్తిడితో, పెద్ద చుక్కలు వచ్చే ఫ్లాట్ ఫ్యాన్. పత్తి వైపు గాలి లేని పూట మాత్రమే. హాలో కోన్ తిరిగి జేబులో పెట్టుకోమనండి.

చివర్లో ఒక మాట కలపండి. ‘‘సార్, ముందు చేలో పది మీటర్లు కొలిచి నీళ్లతో కొట్టి చూస్తాను.’’ ఆ మాట అబద్ధం కాకుండా ఈ ఆదివారమే ఊళ్లో ఒక పంపు, ఒక టేపు, రెండు బకెట్ల నీళ్లు తీసుకుని చేసి చూడండి. గంట కూడా పట్టదు.