గద్ద, డేగ, సాళువ: వేటపక్షుల నామనిర్ణయంలో ఛాయాచిత్రం

కీలక పదాలు: వేటపక్షులు, నామనిర్ణయం, క్షేత్రపరిశోధన, ఛాయాచిత్రణ, నిఘంటువు

తెలుగులో వేటపక్షుల పేర్లకు కొరత లేదు. గద్ద, డేగ, గరుడ, రాబందు వాడుకలో ఉన్నాయి. 1485లో విజయనగర సింహాసనమెక్కిన నరసింహరాయల వంశనామమైన ‘సాళువ’కు వేటడేగ అని అర్థం. అయితే ఏ పేరు ఏ జాతిదో తేల్చవలసి వచ్చినప్పుడు ‘పక్షివిశేషము’ అనే నిఘంటువివరణ పరిశోధకునికి తోడ్పడదు. పేరు చెప్పే వక్తను, ఆ పేరుగల పక్షిని ఒకేచోట నమోదు చేయాలి. అందుకు ఛాయాచిత్రమే మేలైన ఆధారం. కాని అందమైన చిత్రమంతా ఆధారం కాదు.

గరుడ సంగతే చూద్దాం. తెల్లని తల, ఇటుకరంగు దేహం గల ఈ పక్షి ఆకాశంలో కనబడితే నమస్కరించేవారు నేటికీ ఉన్నారు. దీని పిల్లపక్షి మాత్రం గోధుమరంగులో ఉండి ఊరగద్దను పోలి ఉంటుంది. రంగును బట్టి పేరు నమోదు చేస్తే ఒకే జాతి రెండు పేర్ల కింద చేరుతుంది. ఇక్కడ తోకే సాక్ష్యం: గద్ద తోక చివర చీలి ఉంటుంది, గరుడ తోక గుండ్రం. చిక్కేమిటంటే, గద్ద తోకను పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక దాదాపు కనబడదు. కనుక ఒక్క చిత్రంతో నిర్ణయానికి రాకూడదు. పక్షి మలుపు తిరిగేటప్పుడు వరుసగా తీసిన పది చిత్రాలు అవసరం.

డేగ, సాళువల విషయం ఇంకా జటిలం. మన తోటల్లో కనబడే షిక్రా అనే డేగకు రెక్కలు పొట్టివి, గుండ్రనివి, తోక పొడవు. పెద్దపక్షి రొమ్ముపై సన్నని అడ్డచారలు, పిల్లపక్షి రొమ్ముపై నిలువు మచ్చలు ఉంటాయి. ఫాల్కన్లకు కోసుగా సాగిన రెక్కలు, నల్లని కళ్లు ఉంటాయి. జన్యుపరిశోధనలు ఫాల్కన్లను డేగలకు కాక చిలుకలకు దగ్గరి చుట్టాలుగా తేల్చాయి. వేటగాని వర్గీకరణ వంశాన్ని బట్టి కాక పనిని బట్టి సాగుతుంది కనుక, ఈ రెండూ ఒకే పేరు కింద చేరడం తప్పు కాదు. మరొక మెలిక: వేటపక్షుల్లో సాధారణంగా ఆడదే పెద్దది. హిందుస్తానీ వేట పరిభాషలో గోషాక్ ఆడపక్షి ‘బాజ్’, మగపక్షి ‘జుర్రా’. తెలుగులో రెండు పేర్లు వినగానే రెండు జాతులని భావించకుండా, ఆడదా మగదా అని వక్తను అడగడం అవసరమని నా అభిప్రాయం.

వెలుగు నిండిన ఆకాశం ఎదుట పక్షి నల్లని నీడగా పడుతుంది. రెక్క అడుగుభాగంలోని గుర్తులన్నీ పోతాయి. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచి, షట్టర్ వేగాన్ని 1/2000 సెకను దగ్గర ఉంచితే అవి నిలుస్తాయి. రెక్కల అడుగు, పైభాగం, తోక, ముఖం విడివిడిగా కావాలి. తర్వాత రంగులు మార్చిన చిత్రం ఆధారంగా చెల్లదు.

పేరు సేకరణలోనూ ఒక క్రమం ఉంది. పుస్తకంలోని బొమ్మ చూపి “ఇది డేగేనా?” అని అడిగితే మర్యాదకైనా అవుననే అంటారు. ఎగిరే పక్షిని చూపి “దీన్నేమంటారు?” అని అడిగి, చెప్పిన మాటను ఉచ్చారణతో సహా, తేదీ, ఊరు, వక్త వయస్సులతో చిత్రానికి జతచేయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్ట్యా పక్షిని పట్టి తెమ్మని ఎవరినీ అడగరాదు.

గూళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండచరియలపై రాబందులు గూళ్లు కట్టాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి అది. మనిషి అలికిడికి గూడు వదిలితే ఆ ఏటి సంతానం పోయినట్లే. ‘రాబందు’ అనే పేరును ధ్రువపరచడానికి గూటిదాకా వెళ్లనక్కరలేదు. లోయలోంచి, ఎగిరే పక్షిని తీసిన చిత్రం చాలు.