4.3 గాలివానలో గాలిపటం: వేగం, బలం, ప్రమాదం

గాలి వేగానికి, అది చూపే బలానికి ఉన్న సంబంధాన్ని ఈ భాగంలో ఒక ఆట ఆధారంగా పరిశీలిద్దాం. ఆ ఆట పేరు కైట్‌బోర్డింగ్. ఆడే వ్యక్తి కాళ్ల కింద పలక ఉంటుంది. నడుము పట్టీకి తగిలించిన పొడవాటి తాళ్ల చివర పెద్ద గాలిపటం ఉంటుంది. గాలి పటాన్ని లాగితే మనిషి నీటిపై జారుతూ పోతాడు. మన దేశంలో రామేశ్వరం తీరంలో దీనిని ఆడతారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో మీకు ఈ ఆట కనబడకపోవచ్చు. కాని దీని వెనుక ఉన్న సూత్రం మీ కల్లంలోనూ పనిచేస్తుంది.

4.3.1 వర్గ నియమం

గాలి కలిగించే పీడనం దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం మూడు రెట్లయితే బలం తొమ్మిది రెట్లవుతుంది. గంటకు 20 కి.మీ. వేగంతో వీచే గాలి చదరపు మీటరుపై సుమారు 1.9 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. 60 కి.మీ. వేగం వద్ద ఇది 17 కిలోలు. అంటే 10 చదరపు మీటర్ల పటంపై లాగుడు సుమారు 19 కిలోల నుంచి 170 కిలోలకు చేరుతుంది. పటం ఉన్న కోణాన్ని బట్టి ఈ విలువ మారుతుంది. అంత బలం మనిషిని గాలిలోకి ఎత్తి ఒడ్డుపై పడేయగలదు.

4.3.2 వాన కంటే ముందే గాలి

ఉరుముల మేఘం నుంచి పడే చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరవుతాయి. దానివల్ల అక్కడి గాలి చల్లబడి, బరువెక్కి, వేగంగా కిందికి దిగి నేలపై నలువైపులా పరుచుకుంటుంది. అందుకే చినుకు పడకముందే గాలిదుమారం లేస్తుంది. వాన మొదలయ్యాక ఒడ్డుకు చేరదామనుకుంటే ఆలస్యమైనట్టే. పోచారం, నిజాంసాగర్ జలాశయాల్లో చేపలు పట్టేవారికీ ఇది వర్తిస్తుంది. పైగా విశాలమైన నీటిపై మనిషే ఎత్తైన వస్తువు కనుక పిడుగు ముప్పు ఎక్కువ. తడిసిన తాడు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది.

4.3.3 మీ పరిసరాల్లో

యాసంగి వడ్లు కల్లంలో ఉండగా గాలివాన వస్తే మీరు టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తుతారు. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల టార్పాలిన్ వైశాల్యం 24 చదరపు మీటర్లు. అది పూర్తిగా గాలికి ఎదురైతే, 60 కి.మీ. వేగం వద్ద సుమారు 400 కిలోల బలంతో లాగుతుంది. కైట్‌బోర్డింగ్ పరికరంలో పటాన్ని వెంటనే విడిచిపెట్టే మీట ఉంటుంది. చేతికి చుట్టుకున్న తాడుకు అలాంటిదేమీ ఉండదు. కాబట్టి:

• మబ్బు కమ్మకముందే టార్పాలిన్ అంచులపై బరువులు పెట్టండి.
• తాడును చేతికి, నడుముకు చుట్టుకోకండి.
• మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు, అంతకంటే తక్కువ ఉంటే పిడుగు సుమారు 10 కి.మీ. లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లండి. చెట్టు కింద నిలబడకండి.
• చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల వరకు బయటికి రాకండి.

వడ్లు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. గాలి వేగం గంటకు 20 కి.మీ. నుంచి 40 కి.మీ.కు పెరిగితే బలం ఎన్ని రెట్లవుతుంది?
2. చినుకుల కంటే ముందు గాలిదుమారం ఎందుకు వస్తుంది?