లారీ డ్రైవరుకు కనపడనిది

పిల్లలూ! హైదరాబాదులో రాత్రి కొట్లు మూసే వేళ, ఆబిడ్సు నుంచి నాంపల్లికి పోయే దారిలో కాసేపు నిలబడితే మీకొక మాట తప్పకుండా వినిపిస్తుంది: "దిఖ్‌తా నై క్యా?" కనపడటం లేదా, అని దాని అర్థం. స్కూటరు మీద పోయేవాడు లారీ డ్రైవరును ఈ మాట అంటాడు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, అదే మాట తిరిగి స్కూటరువాణ్ణి అంటాడు. ఇద్దరూ దాన్ని తిట్టుగానే వాడతారు. కాని అది నిజానికి చాలా మంచి ప్రశ్న. ఎవరూ జవాబు కోసం ఆగరు, అదే చిక్కు.

ముందు ఆ చోటు సంగతి చెబుతాను. అక్కడ రాతితో కట్టిన మోజంజాహీ మార్కెట్టు ఉన్నది. 1935లో కట్టిన ఆ మార్కెట్టుకు ఏడో నిజాము తన రెండో కొడుకు పేరు పెట్టాడు. అక్కణ్ణించి కొంచెం ముందుకు పోతే ఉస్మాన్‌గంజ్, బేగంబజారు. అవి టోకు బజార్లు. మీ ఇంట్లో పప్పు డబ్బాలో ఉన్న పప్పు, వంటింట్లో ఉన్న స్టీలు గిన్నె ఎప్పుడో ఒకప్పుడు అటువంటి బజారుకు లారీలో వచ్చి ఉంటాయి. మరోవైపున నాంపల్లి రైలు స్టేషను, దాని దాపులనే ఎగ్జిబిషన్ మైదానం. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలైన నుమాయిష్ 1946లో ఈ మైదానానికి వచ్చింది. ఏటా జనవరి 1 మొదలు నెలన్నర పాటు అది జరుగుతున్నప్పుడు ఆ రోడ్లమీద జనం ఎట్లా ఉంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత ఇరుకులోకి పెద్ద లారీలను పగటిపూట రానివ్వరు. అవి రాత్రి దాకా ఊరి బయట ఆగవలసిందే. పగలు తిరిగేవి ట్రాలీ ఆటోలు, డీసీఎంలు. డీసీఎం అన్నది అసలు ఒక కంపెనీ పేరు. ఆ కంపెనీ లారీలు రావటం ఎప్పుడో మానేసినా, హైదరాబాదువాళ్లు మాత్రం ఆ సైజు లారీని, ఎవరు తయారుచేసినా సరే, డీసీఎం అనే పిలుస్తారు!

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. డ్రైవరుకు నిజంగా కనపడదా?

మీరొక పని చెయ్యండి. మేడమీది గదిలో కిటికీకి రెండడుగులు వెనక్కు నిలబడి వీథిలోకి చూడండి. దూరాన పోయేవాళ్లు చక్కగా కనిపిస్తారు. గోడ పక్కనే నిలబడ్డ మీ తమ్ముడు మాత్రం కనిపించడు. పైన ఉన్నవాడికి దూరం బాగా తెలుస్తుంది, దగ్గర తెలియదు. లారీ డ్రైవరు అట్లాంటి మేడమీదనే కూచుని ఉంటాడు. పైగా మన దేశంలో స్టీరింగు కుడివైపున ఉంటుంది గనక ఎడమవైపు అతనికి మరీ దూరం. ఎడమ తలుపును ఆనుకుని పోయే స్కూటరు ఆ తలుపు చాటున పూర్తిగా మాయమై పోతుంది. వెనక వైపు సంగతి సరేసరి, సరుకే అడ్డు. ఇక మిగిలినవి అద్దాలు. ఆ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనపడకపోతే, మీరు కూడా అతనికి కనపడరు. ఎందుచేతనంటే, వెలుతురు వచ్చిన దారినే తిరిగి పోగలదు.

పూర్వం ఈ లోటు తీర్చటానికి క్లీనరు ఉండేవాడు. ఎడమ తలుపు దగ్గర వేళ్లాడుతూ, రేకు మీద దబదబా చరుస్తూ, "హోల్డాన్! రైట్ రైట్!" అని అరిచేవాడు. ఆ చప్పుడు మనకు విసుగు గాని, అదే లారీకి ఎడమ కన్ను. ఈ రోజుల్లో ఖర్చు తగ్గించుకోవటానికి చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. అది మంచి పొదుపని నేననుకోను.

మరొక చిత్రం చూడండి. సైకిలు చక్రాలు రెండూ తడిపి, ఎండిన గచ్చుమీద ఒక మలుపు తిప్పండి. రెండు గీతలు పడతాయి. వెనక చక్రం ముందు చక్రం జాడలో పోదు, మలుపుకు లోపలిగా పోతుంది. బండి పొడుగు పెరిగినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందుకనే మోజంజాహీ మార్కెట్టు దగ్గర ఎడమకు తిరగవలసిన లారీ ముందు కొంచెం కుడికి జరుగుతుంది. వెనక ఉన్న స్కూటరువాడు, "సందు దొరికింది!" అని ఎడమ పక్కన దూరుతాడు. అది సందు కాదు, వెనక చక్రం రాబోయే దారి.

నేను లెక్కల మేష్టర్ని, కాబట్టి ఒక లెక్క వెయ్యకుండా ఉండలేను. స్కూటరూ, దానిమీద ఇద్దరు మనుషులూ కలిసి 240 కిలోలనుకోండి. రెండు ఇరుసుల లారీ సరుకుతో సహా సుమారు 18,000 కిలోలు. అంటే 75 స్కూటర్లు. ఒకే వేగంతో పోతున్నప్పుడు బ్రేకు ఆపవలసిన శక్తి కూడా 75 రెట్లే. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. పెద్ద లారీకి గాలి బ్రేకులుంటాయి. పెడలు తొక్కినాక ఆ గాలి గొట్టాలగుండా చక్రాల దాకా పోవాలి. అరసెకను ఆలస్యమైనా అయిదారు మీటర్లు పోయినట్టే. అందుకని డ్రైవరు ముందు కాస్త జాగా వదులుకుంటాడు. ఆ జాగా ఖాళీగా కనపడగానే ఒక ఆటో వచ్చి అందులో నిలబడుతుంది!

ఇదంతా విని డ్రైవర్లందరూ అమాయకులని అనుకోకండి. పరిమితికి మించి సరుకు వేసేవాళ్లున్నారు. చెవులు బద్దలయ్యే రాగాల హారన్లు మోగించేవాళ్లున్నారు, 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అవి నిషిద్ధం. నిద్రమత్తులో నడిపేవాళ్లూ, నడపక తప్పనివాళ్లూ కూడా ఉన్నారు.

కాని ప్రమాదం జరిగిన తరవాత ఏమవుతుందో గమనించారా? గుమిగూడిన జనం తప్పు ఎవరిదని అడగరు. పెద్ద బండివాడిదే తప్పంటారు, అతన్ని కిందికి లాగుతారు. అందుకని అతను పారిపోతాడు. దెబ్బ తగిలినవాడు రోడ్డుమీదనే పడి ఉంటాడు. ఈ సంగతి చట్టం చేసినవారికి కూడా తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షను, గాయపడినవాణ్ణి డ్రైవరు వైద్యానికి చేర్చాలంటుంది. జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప, అని కూడా అంటుంది. ఏమైనా 24 గంటల లోపల పోలీసులకు చెప్పి తీరాలి.

2023 డిసెంబరులో పార్లమెంటు భారతీయ న్యాయ సంహితను ఆమోదించింది. అజాగ్రత్తగా నడిపి ఒకరి చావుకు కారణమై, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ల దాకా జైలని అందులో రాశారు. అంతకు ముందు, అజాగ్రత్త వల్ల చావు కలిగిస్తే 2 ఏళ్లే గరిష్ఠ శిక్ష. "ఆగితే జనం కొడతారు, పోతే జైలు!" అని డ్రైవర్లు బళ్లు ఆపేశారు. 2024 జనవరి 2న హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు పొడుగాటి బారులు తీరాయి. చంచల్‌గూడలో ఒక కుర్రవాడు గుర్రమెక్కి పోయి భోజనం పొట్లాలు అందించాడు! లారీలను తిట్టేవాళ్లందరి బళ్లలోనూ పెట్రోలు పోసేది లారీయేనన్న సంగతి ఆ ఒక్క రోజున ఊరంతటికీ తెలిసివచ్చింది.

ఆ రాత్రే ఢిల్లీలో ప్రభుత్వానికీ లారీల సంఘానికీ మాటలు జరిగి సమ్మె ఆగింది. న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. పారిపోయినవాడికి 10 ఏళ్లనే ఆ ఒక్క భాగాన్ని మాత్రం ఆ రోజున అమలులోకి తేకుండా పక్కన ఉంచారు.