నల్లరేగడిలో రెండు చక్రాలు

కరీంనగరు తారురోడ్డుమీద తేలిక మోటారుసైకిలుకూ బరువైనదానికీ భేదం అంతగా తెలియదు. తెలిసేది ఆదిలాబాదు సీమలో ఉట్నూరు వైపు మట్టిబాట పట్టినప్పుడే. వానకు నానిన నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ పేరుకొని చక్రాన్నే బిగించివేస్తుంది. స్క్రాంబ్లరు తరహా బండ్లకు ముందు మడ్‌గార్డును ఎత్తున అమర్చడంలోని పరమార్థం ఇదే.

2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 అడుగుభాగం నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నది. ముందు చక్రం 21 అంగుళాలది. అయినా బరువు 150 కిలోలకు మించినదే. బురదలో ఒరిగితే ఒంటరి మనిషి లేవనెత్తవలసినది ఆ బరువునే. కనుకనే నేర్పరియైన రౌతు ఫుట్‌రెస్టులపై నిలబడి, మోకాళ్లు సడలించి, ముందు బ్రేకు జోలికి పోక నిలకడగా సాగుతాడు.

వాగు పొంగితే ఆగుతాడు. 2012లో పులుల రక్షితారణ్యమైన కవ్వాల్ అడవిలో అనుమతిలేని బాట తొక్కడు. ఎక్కడికైనా పోగల బండికి ఎక్కడ ఆగవలెనో చెప్పవలసినవాడు మనిషే గదా!